చువ్వ ఎక్కిన కొండ

నల్లగుట్ట అడవిలో దుప్పులు, అడవిపందులు, గోరింకలు కలిసిమెలిసి ఉండేవి. ఆ దుప్పుల్లో చువ్వ అనే కుర్రదుప్పికి తన సన్నని నడుమంటే మహా మురిపెం. వాగు నీళ్లలో తన నీడ చూసుకోనిదే వాడికి పొద్దు గడిచేది కాదు.

వాడి స్నేహితుడు బొద్దు అనే అడవిపంది. పేరుకు తగ్గట్టు లావుగా ఉంటాడు. పొద్దున్నే లేచి, దుంపల కోసం గుట్టలన్నీ తిరుగుతాడు. కడుపు నిండగానే తిండి ఆపేస్తాడు.

చువ్వ మాత్రం ఇప్పచెట్టు కింద పడుకునే ఉండేవాడు. తియ్యటి పూలు రాలడం, వాడు మెక్కడం. ఎంత తిన్నా ఒళ్లు రాదు. ఇంకేం భయం?

ఒకరోజు గోరింక పిన్ని వాడి వీపు మీద వాలి, పిడుదులు ఏరుతూ ఆగిపోయింది.

"ఒరే చువ్వా, పడుకున్నా నీ గుండె ఇలా దడదడలాడుతోందేమిట్రా?"

"నాకేమైంది పిన్నీ? నా పక్కటెముకలు చూడు! కొవ్వంతా ఆ బొద్దుగాడి దగ్గరుంది. వాడికి చెప్పు."

"కొవ్వు అందరికీ పైనే పట్టదురా. కొందరికి లోపల పేరుకుంటుంది. ఆ బరువు మోసేది గుండే. లేచి నాలుగడుగులు వెయ్యి."

చువ్వ పకపకా నవ్వి, ఇంకో పువ్వు నోట్లో వేసుకున్నాడు.

ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. నీళ్లు కొండ అవతలి మడుగులోనే మిగిలాయి. జంతువులన్నీ కొండెక్కసాగాయి. అందరికంటే ముందు చువ్వ గెంతుకుంటూ బయలుదేరాడు.

సగం దూరం ఎక్కేసరికి వాడికి ఊపిరి అందలేదు. ఛాతీ మీద బండ పెట్టినట్టయింది. కాళ్లు మడతపడి కూలబడ్డాడు. మంద ముందుకు సాగిపోయింది. అంతలో కింద వేటకు బయలుదేరిన రేచుకుక్కల ఈలల్లాంటి కూతలు వినిపించాయి. చువ్వకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వెనక నుంచి వస్తున్న బొద్దు వాడిని చూశాడు. మూతితో నెట్టి ముళ్లపొదలోకి దూర్చాడు. తాను దారికి అడ్డంగా నిలబడి కోరలు చూపించాడు. పైకొచ్చిన కుక్కలు కాసేపు గుర్రుమని, తోక ముడిచాయి.

"నువ్వు ఒక్కసారైనా ఆయాసపడలేదేం?" అన్నాడు చువ్వ, సిగ్గుతో.

"రోజూ తిరిగే కొండలే కదరా! లే, మెల్లగా పోదాం."

చీకటిపడేసరికి ఇద్దరూ మడుగు చేరారు. ఆ వేసవంతా దుప్పులు పరుగు పందేలాడుతుంటే, చువ్వ గట్టున కూర్చుని చూడాల్సి వచ్చింది. ఆ దిగులుతోనే వాడు తిండికి హద్దు పెట్టుకున్నాడు. బొద్దుతో కలిసి రోజూ నడిచాడు. మొదట్లో ప్రతి మలుపులోనూ ఆగేవాడు. వానలు పడేనాటికి ఆగడం మానేశాడు.

మరుసటి వేసవిలో కొండ దాటించే పెద్దరికం అందరూ బొద్దుకే అప్పగించారు. చువ్వ వాడి వెనకే హాయిగా నడుస్తూ, కొత్తగా పుట్టిన దుప్పిపిల్లలకు గర్వంగా చెప్పాడు:

"ముందు పోతున్నాడే, ఆ లావుపాటాయన, నాకు గురువు!"

నీతి: సన్నగా ఉన్నంత మాత్రాన ఆరోగ్యం ఉన్నట్టు కాదు, మితంగా తిని, ఒళ్లు వంచి తిరిగేవారి గుండే పదిలం.