కారు మెట్టు మీద దివానుగారి కొబ్బరికాయ

కొండవలస రాజావారికి ఉన్నట్టుండి ఓ బుద్ధి పుట్టింది. రాణిగారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆవిడ ముచ్చటపడి తిరిగిన పాత కారు షెడ్డులో తుప్పట్టి పడుంది. దసరా నాడు మనవరాల్ని అందులో కూచోబెట్టుకుని ఊరంతా తిరగాలన్నారు.

కార్లకి రేకు పని చేసే టింకరు మస్తానుని పిలిపించేరు. అతను కారు కిందకి దూరి చూసి, అడుగు రేకూ, ఎక్కే మెట్టూ అంతా తుప్పు తినేసిందన్నాడు. కుళ్ళిందంతా కోసెయ్యాలి, కొత్త రేకు కొట్టి అతకాలి, అరగదియ్యాలి, అప్పుడు గదా రంగు. దసరాకి అవదు, కొత్త కారు కొన్నంత ఖర్చూ అవుద్దని ఉన్నమాట చెప్పేసేడు.

దివాను జగ్గప్ప పంతులు పకపకా నవ్వేడు. చారెడు తుప్పుకి ఇంత రాద్ధాంతమా అని, పని తనే పుచ్చుకున్నాడు. చిల్లులన్నిట్లో మెత్తటి లప్పం ముద్దలు కూరించి, పైన రంగు కొట్టించేడు. కారు అద్దంలా మెరిసింది. వచ్చేపోయేవాళ్ళ ముందు దివాను అందులోనే చూసుకుని మీసం దువ్వుకునేవాడు.

రాజావారికి తమలపాకులు చుట్టిచ్చే గవరయ్య, పండగ పొద్దున్న కారు తుడుస్తున్నాడు. ఎక్కేటప్పుడు కాలు పెట్టే మెట్టుని బొటనవేలితో నొక్కేడు. ఇడ్లీలా దిగింది.

గవరయ్య చప్పున వేలు తీసేసేడు. రాజావారి మనవరాలు చిన్నదొరసాని కుదురుగా కూచునే పిల్ల కాదు, గెంతుద్ది. పోనీ చెబుదామా అంటే, ఆకులు చుట్టేవాడికి కార్ల గొడవెందుకంటాడు దివాను. పైగా ఇన్నాళ్ళకి రాజావారి మొహం కాస్త తేటపడింది. ఆ వెలుగునెలా ఆర్పేది?

పూజ మొదలైంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేరు. అయ్యవారు కొబ్బరికాయ ఎత్తి రాయి మీద కొట్టబోతుంటే, గవరయ్య బుర్ర గోక్కుంటూ ముందుకొచ్చేడు.

"ప్రభూ, ఇంత పని చేయించింది పంతులుగారు. కాయ ఆయన చేత్తోనే, ఆ మెట్టు మీదే కొట్టిస్తే ముచ్చటగా ఉంటది."

రాజావారు తలూపేరు. దివాను గవరయ్య వేపు గుడ్లురిమేడు.

"రంగు పోద్దిరా."

"పోతే పోనీండి బాబూ, కింద ఇనుముంది గదా."

"కొట్టవయ్యా పంతులూ" అన్నారు రాజావారు.

ఇంకేం చేస్తాడు, కొట్టేడు. ఠప్పుమనాల్సింది కసుక్కుమంది. కాయ మెట్టులోంచి దూసుకుపోయి కింద దొర్లింది. వెనకే దివాను చెయ్యి మోచేతి దాకా దిగి ఇరుక్కుపోయింది.

గవరయ్య వంగి కాయ తీసేడు. పిలకైనా చెదరలేదు. దులిపి, రెండు చేతుల్తో రాజావారి ముందు పెట్టేడు.

"కాయ పగల్లేదు ప్రభూ. కారు పగిలింది."

రాజావారు ఆ చిల్లు చూసేరు, పక్కనున్న మనవరాలి పాదాలు చూసేరు. పిల్లని దగ్గరికి లాక్కున్నారు. మెల్లిగా ఆయన భుజాలు కదిలేయి. రాణిగారు పోయేక ఎవరూ వినని నవ్వు అది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు.

ముందు తన చెయ్యి తీయించమని దివాను మూలుగుతున్నాడు.

"మస్తానుకి కబురెట్టండి. ఎలాగూ కోసే పనుంది, అక్కణ్ణించే మొదలెడతాడు. ఎంతైతే అంత, ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు" అన్నారు రాజావారు. తన ఉత్తరీయం తీసి గవరయ్య భుజాన కప్పేరు. "కారు లేచిన్నాడు ముందు సీటు నీదేరా."