కప్పకి పరుపు కుట్టిన ఖాసింబీ

అనగనగనగా, మన ఊరికి ఏడు ఊళ్ళ అవతల ఒక ఊళ్ళో ఖాసింబీ అని పరుపులు కుట్టే ఆవిడ ఉండేది. ఆవిడ విల్లు పట్టి దూది ఏకితే మబ్బులు సిగ్గుపడి పక్క ఊరికి పారిపోయేవి. ఆవిడ పరుపు మీద పడుకున్నవాడు మూడేళ్ళకి గానీ లేచేవాడు కాదు. నవ్వకే, నిజం!

ఒక ఏడు సరిగ్గా పెళ్ళిళ్ళ ముందు దూది కొట్టుకి చెద పట్టింది. ఒకటా రెండా, లక్షా పదివేల చెదపురుగులు! ఇంటిల్లిపాదికీ ఏడాది కూడు ఆ దూదిలోనే ఉంది. ఖాసింబీ కూలబడిపోయింది.

అప్పుడు తలుపు సందులోంచి గుమ్మడికాయంత గోదురు కప్ప గెంతుకుంటూ వచ్చింది. నాలుక చాపింది, ముడిచింది. చాపింది, ముడిచింది. సాయంత్రానికి చెదా లేదు, చెద జాడా లేదు.

"నా ఇల్లు నిలబెట్టావు నాయనా! ఇక నా దగ్గరే ఉండు," అని ఖాసింబీ దాన్ని పెద్ద మట్టి బానలో పెట్టుకుంది. పరుపులావిడ కదా, ఆ తర్వాత ఏం చేసింది? కప్పకి జానెడు పరుపు కుట్టింది!

అత్త లాలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇరవై ఏళ్ళ నుంచీ నాకు చిరుగుల బొంత. కప్పకి కొత్త పరుపా?"

"నువ్వూ చెదపురుగులు తిను అత్తా, నీకూ కుడతాను."

మర్నాడు చూస్తే దూది కప్ప ఒంట్లో తడంతా పీల్చేసింది. పోగులు కాళ్ళకి చుట్టుకున్నాయి. పాపం, కప్ప వడియంలా ఎండిపోయింది. కప్పలు మనలా నోటితో నీళ్ళు తాగవే, చర్మంతోనే తాగుతాయి. ఖాసింబీ పోగులన్నీ విడదీసి బావినీళ్ళు చిలకరించింది.

అప్పుడు ఎదురింటి వడ్రంగి వీరబ్రహ్మం బుట్టెడు దేవదారు పొట్టు తెచ్చాడు. "పరుపంటే ఇదీ అక్కా, వాసనకే నిద్దరొస్తుంది," అన్నాడు. నిద్దరా పాడా! ఆ ఘాటుకి కప్ప పొట్ట పండుమిరపకాయలా ఎర్రబడింది.

ఆ తర్వాత లాలమ్మ వంతు. "నీళ్ళలో పుట్టినదానికి గులకరాళ్ళు వెయ్యాలే, తెలివితక్కువదానా!" వేశారు. కప్ప పురుగు మీదికి నాలుక విసిరింది. పురుగుతో పాటు రాయీ నోట్లోకి పోయింది. కప్ప గుడ్లు తేలేసింది!

ఖాసింబీ చిటికెనవేలు పెట్టి రాయిని బయటికి లాగింది. లాగాక ఏడ్చింది. ఆ ఏడుపుకి బావిలో నీళ్ళు మూడు మూరలు పైకొచ్చాయి. "నా కూడు కాపాడినదాన్ని నేనే చంపుతున్నాను అత్తా!"

లాలమ్మ మెత్తబడింది. "మనిషికి కుట్టేముందు కొలత తీసుకుంటావు కదే. దీన్నేమైనా అడిగామా?"

అప్పుడు ఖాసింబీ కప్పని పెరట్లో వదిలి, ఊపిరి బిగబట్టి చూసింది. అది ఇసుక దాటింది. గడ్డి దాటింది. కొబ్బరిచెట్టు మొదట్లో చివికిన కొబ్బరి పీచు పొట్టు, రాలిన ఆకులు తడితడిగా ఉన్నచోట ఆగింది. వెనక కాళ్ళతో తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోయింది. పైకి రెండు కళ్ళే కనిపించాయి.

"అమ్మో, నాకంటే బాగా పక్క వేసుకుంది!" అంది ఖాసింబీ.

ఆ పూటే ఎరువూ మందూ తగలని కొబ్బరి పొట్టు తెచ్చి, కడిగి, గట్టిగా పిండి, బానలో జానెడు లోతు పరిచింది. పైన ఎండాకులు, పక్కన మూకుడులో నీళ్ళు. వారంలో కప్ప ఒళ్ళు నిగనిగలాడింది.

ఖాసింబీ బాన ముందు కూర్చుంది. "మూడు తప్పులు చేశాను నాయనా, అయినా బతికావు. నీకు శతకోటి సలాములు," అంది. అని, బానని పక్కకి ఒరిగించి పెట్టింది, పోవాలంటే పొమ్మని.

అంతలో వాన దంచింది. ఊళ్ళో కప్పలన్నీ బెకబెకమని పిలిచాయి. ఆ పిలుపుకి పెంకులు లేచిపోయాయి. మన కప్ప బాన అంచుదాకా వచ్చింది, వాన వంక చూసింది. చూసి, వెనక్కి వెనక్కి నడిచి పొట్టులోకి దిగిపోయింది.

కథ కంచికి చేరింది,
కప్ప పొట్టులో దూరింది,
కునుకు నీ కంటికి,
మనమింక ఇంటికి!