బీడులో దిష్టిబొమ్మ

దర్గా వెనక ఉన్న బీడును ఫకీరు దస్తగిరి తాత మొదటిసారి శిష్యుడు నాగూరుకు అప్పగించాడు. ఆ ఏడు వానలు బాగా పడి గడ్డి మోకాలెత్తు లేచింది. అదంతా తన గొప్పేననుకున్నాడు నాగూరు. పాపం, వానలకు ఆ సంగతి తెలియదు.

ఎండాకాలానికి మేత మిగలాలని ఆవుల్ని దొడ్లోనే కట్టేశాడు. గింజలు రాలి మళ్ళీ మొలవాలి గనక పిట్టలు వాలకుండా బీడు నడుమ దిష్టిబొమ్మను నిలబెట్టాడు. దానికి తాత పాత తలపాగా కూడా చుట్టాడు.

ఒక పొద్దున వెళ్ళి చూస్తే గడ్డి నిండా మిడతలు. కొసలన్నీ కొరికేసి ఉన్నాయి. ఇలాగే సాగితే బీడు బోడి అవుతుంది, ఆవుల్ని సంతకు తోలాల్సిందే. నాగూరుకు ఏడుపొక్కటే తక్కువ. అగ్గిపెట్టె పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తాడు.

"తాతా, కసువంతా మిడతల పాలైపాయ! బీడుకు అగ్గి పెట్టేస్తా."

"పెడుదువులే రా. ముందు ఆవుల్ని ఇడిసిపెట్టు."

"అవి తొక్కితే ఉండేది కూడా పోతాది తాతా!"

తాత నింపాదిగా బీడులోకి నడిచి, దిష్టిబొమ్మ తలపాగా విప్పి, దులిపి, తన తలకు చుట్టుకున్నాడు. బొమ్మను పెరికి భుజాన వేసుకున్నాడు.

నాగూరు గొణుక్కుంటూనే ఆవుల్ని వదిలాడు. కట్టుకొయ్య దగ్గర విసిగిపోయిన ఆవులు తోకలెత్తి గంతులేస్తూ గడ్డిలో పడ్డాయి. వాటి కాళ్ళ ముందు మిడతలు జల్లున లేచాయి. అంతే, ఎక్కణ్ణుంచి వచ్చాయో గోరింకలు గుంపుగా దిగాయి. తెల్ల కొంగలు ఆవుల కాళ్ళ పక్కన చేరాయి. పసులపోలిగాళ్ళనే నల్ల పిట్టలు ఆవుల వీపులెక్కి కూర్చుని, ఎగిరిన మిడతను ఎగిరినట్టే గాల్లో పట్టాయి. బీడంతా పెళ్ళిపందిరిలా ఒకటే సందడి.

నాగూరు సంతోషం పట్టలేకపోయాడు. తనూ పంచె ఎగ్గట్టి, కేకలేస్తూ, గడ్డిలో అటూ ఇటూ పరుగెత్తి మిడతల్ని లేపాడు. అగ్గిపెట్టె ఎక్కడ పడేశాడో అతనికే తెలియదు. కాసేపటికి రొప్పుతూ వచ్చి తాత పక్కన కూలబడ్డాడు.

"ఇన్ని దినాలు ఇవన్నీ యాడుండె తాతా?"

దిష్టిబొమ్మను పొయ్యిలోకి పుల్లలుగా విరుస్తూ తాత నవ్వాడు.

"సుట్టాలు రాకుండా గడపలో కర్ర పట్టుకొని నిలబడితివి. వండిందంతా మిగిలిపాయనని మళ్లా నువ్వే ఏడిస్తివి."