సత్యవేణి చెప్పని పేరు

అనగనగా కాలవ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో సత్యవేణి అని పూతరేకులు తీసే ఆవిడ ఉండేది. పొయ్యి మీద కుండ బోర్లించి, పల్చటి గుడ్డని బియ్యప్పిండి పాలల్లో ముంచి, ఆ కుండ మీద అలా పరిచి లాగిందంటే ఉల్లిపొరలాంటి రేకు లేచేది. ఆ రేకుల్లో నెయ్యీ బెల్లమూ వేసి మడిచేవాడు ఆవిడ మొగుడు పెద్దిరాజు. మడుస్తూ మడుస్తూ సగం తినేస్తాడని సత్యవేణి దెప్పేది. నువ్వు నవ్వకు బంగారం, నువ్వేమన్నా తక్కువ తింటావా?

ఒకరోజు సత్యవేణి ఎక్కిన ఆటో కాలవగట్టు మీద బోల్తాపడింది. తలకి పెద్ద దెబ్బ తగిలి మెదడు అదిరిపోయింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు. కానీ వచ్చిన సత్యవేణి వెళ్ళిన సత్యవేణిలా లేదమ్మా. మాట ఎప్పుడో గానీ వచ్చేది కాదు. గిన్నె చప్పుడైతే చెవులు మూసుకునేది. ఊరికే కోపం, ఊరికే ఏడుపు.

చూడటానికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ముందు అత్తగారు పెద్దిరాజుని చూపించి, వీడెవరో పేరు చెప్పమంది. సత్యవేణి తల దించుకుంది. ఆ తర్వాత ఎదురింటావిడ అడిగింది. తల ఇంకా దించుకుంది. ఆ తర్వాత సత్యవేణి అన్నయ్య సింహాచలం వచ్చి గట్టిగా అడిగాడు. గోడవైపు తిరిగిపోయింది.

కట్టుకున్నవాణ్ణే మరిచిపోయిందని అందరూ తేల్చేశారు. ఎవరో తెలియని మనిషి దగ్గర ఆడపిల్ల ఎలా ఉంటుంది, శుక్రవారం కారు తెచ్చి మా ఊరు తీసుకుపోతానన్నాడు సింహాచలం. పెద్దిరాజు కాదనలేకపోయాడు. తను ఎవరో ఆవిడకే తెలియనప్పుడు ఉండమని ఏ మొహంతో అడుగుతాడు? పెరట్లోకి వెళ్ళి కొబ్బరాకుల మోపు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు ముగ్గురు మనుషులు వచ్చారు. మంగతాయారు, టైలరు కరీముల్లా, దీనమ్మ. ముగ్గురి ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు తలకి దెబ్బ తగిలి మంచాన పడ్డవాళ్ళే. ఆ కష్టం తెలుసు కనుక, అలాంటి ఇల్లు ఎక్కడుందని తెలిసినా వెళ్ళేవాళ్ళు. వాళ్ళని రమ్మని ఎవరూ పిలవలేదు, జీతం ఎవరూ ఇవ్వలేదు.

ముందు కరీముల్లా పెద్దిరాజు కళ్ళు చూశాడు. ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. మేం చూసుకుంటాం, నువ్వెళ్ళి పడుకోమన్నాడు. పెద్దిరాజు వసారాలో అలా ఒరిగాడో లేదో గుర్రుపెట్టాడు. ఆ తర్వాత దీనమ్మ కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, రేడియో ఆపించి, గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు తెచ్చిన పళ్ళు అందుకుని, వాళ్ళని మాత్రం బయట నుంచే పంపేసింది. ఎదురింటావిడకి కోపం వచ్చిందిలే. వస్తే వచ్చింది.

ఆ తర్వాత మంగతాయారు సత్యవేణి పక్కన చాప మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగకూడదని వాళ్ళ కట్టుబాటు. దెబ్బ తిన్న తలకి ప్రశ్న రాయిలా తగులుతుందట. సత్యవేణి ఇదివరకు తీసి ఉంచిన రేకులు మడుస్తూ కూర్చునేది, అంతే. చిరిగినవి సత్యవేణి నోట్లో పెట్టేది. సత్యవేణి మెల్లగా రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలెట్టింది. పెద్దిరాజుకి ఆ కాస్తకే గుండె తేలికపడింది.

కానీ శుక్రవారం రానే వచ్చింది. వాకిట్లో కారు ఆగింది. సత్యవేణి బట్టల సంచి గుమ్మంలో ఉంది. ఎంగిలిపడి బయల్దేరండని మంగతాయారు అందరికీ విస్తళ్ళు వేసింది. పెద్దిరాజు ముద్ద దిగదని తెలిసీ కూర్చున్నాడు. మంగతాయారు గరిటెతో వంకాయ కూర తీసి అతని విస్తట్లో వెయ్యబోయింది.

అప్పుడు చాప మీంచి మాట వినిపించింది.

"ఆయనకి... వంకాయ వద్దు. ఒళ్ళంతా... దురద."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. పెద్దిరాజు కదల్లేదు. కదిలితే ఆ మాట ఎగిరిపోతుందని భయం వేసింది పాపం.

సింహాచలం చెల్లెలి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. "ఆయనెవరో తెలుసా నీకు? మరి అంతమందిమి పేరు అడిగితే చెప్పలేదేమే?"

సత్యవేణి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒక్కొక్క మాటే వెతుక్కుని చెప్పింది.

"మొగుడి పేరు... ఎలా చెప్తారు అన్నయ్యా? అమ్మ వింటే... ఊరుకుంటుందా?"

చూశావా? ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. ఆ సంగతి అడిగినవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ, జబ్బుమనిషికి సిగ్గుంటుందని ఒక్కళ్ళకీ తట్టలేదు. పెద్దిరాజు కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, నవ్వుతూ మళ్ళీ ఏడ్చాడు. బట్టల సంచి తనే లోపల పెట్టేశాడు. సింహాచలం రెండు విస్తళ్ళ అన్నం తిని, ఖాళీ కారులో సంతోషంగా వెళ్ళాడు.

ఆ తర్వాత సత్యవేణికి అంతా నయమైపోయిందని చెప్పను. రేకులు చిరిగేవి, తొందరగా అలిసిపోయేది. అయినా తన ఇంట్లో, తన మనిషి దగ్గర ఉంది. ఆ ముగ్గురూ మరో ఇంటికి వెళ్ళారు, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి. ఇప్పుడు ముగ్గురూ లేరు. ఏటా వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ ఇళ్ళవాళ్ళంతా కలిసి వండుకుని, వాళ్ళని తలుచుకుంటూ భోంచేస్తారు.

సత్యవేణికి మాత్రం ఆ నెలలు ఏమీ గుర్తులేవు. మంగతాయారు మొహమైనా గుర్తులేదు. అందుకని ఏటా పెద్దిరాజు పక్కన కూర్చుని మొదట్నుంచీ చెప్తాడు. ఆవిడ నీలాగే ఊ కొడుతూ వింటుంది. అంతా విని, ఏటా అదే మాట అంటుంది: "ఎంత మంచివాళ్ళండీ. ఎవరింటికి వచ్చారు?"

"మనింటికేనే" అంటాడు పెద్దిరాజు.

కంచికి వెళ్ళింది కథ,
ఇంట్లోంచి పోయింది వెత,
కళ్ళు మూసుకో బంగారం,
ఇల్లు చేరాం మనందరం.