గడపరాళ్ళ మీద పేరు

ఒకానొక రాజ్యం. దాని పేరు కొలనువీడు. పేరులో కొలను ఉంది గాని, మూడేళ్ళుగా వానల్లేక ఊళ్ళో బావులు కూడా ఎండిపోయాయి. ఆ కరువులోనూ ఏటేటా ఏపుగా పెరిగినవి భువనైకరాయుడనే ఆ రాజుగారి బిరుదులు.

రాజధానిలో రాజవిద్యాశాల ఉండేది. అక్కడ తర్కమూ వ్యాకరణమూ చెప్పేవారట. ఆ సంగతి ఎవరికీ పట్టదు. జనానికి కావలసింది విద్యాశాల చెడుగుడు జట్టు. ఏటా కోతలయ్యాక ఏటి ఇసుకలో, పొరుగున ఉన్న ఎర్రదిబ్బ విద్యాశాలతో పందెం. కూత పెట్టి గీత దాటిన కుర్రవాడు ఊపిరి విడవకుండా తిరిగి వచ్చేదాకా రాజ్యమంతా ఊపిరి బిగపట్టేది.

అక్కడ ఒక ఆచారం ఉంది. జట్టు గెలిస్తే ఆ ఏడు ఒక తెల్లరాతి మీద, జట్టును తయారుచేసిన ఒజ్జ పేరు చెక్కి విద్యాశాల గోడకు పొదుగుతారు. ఓడితే ఒజ్జ పేరు నల్లరాతి మీద చెక్కి గడప ముందు నేలలో పరుస్తారు. వచ్చేపోయేవాళ్ళు దాన్ని తొక్కుకుంటూ పోవాలి. ఊపిరి బిగబట్టి ఆడిన కుర్రవాళ్ళ పేర్లు గోడ మీదా ఉండవు, నేల మీదా ఉండవు. చరిత్ర కిందివాడి ఊపిరితో నడుస్తుంది, పైవాడి పేరుతో నిలుస్తుంది. కొలనువీడులో దాన్ని ఆచారమన్నారు, అంతే తేడా.

ఎవరు గొప్ప ఒజ్జ అన్న వాదం చిట్టెమ్మ తమలపాకుల అంగడి ముందు రోజూ జరిగేది.

"మల్లయ్య ఒజ్జంటే ఒజ్జ! ఆయన కుర్రాళ్ళు గీత దాటితే అవతలివాళ్ళు పంచెలు సర్దుకునేవాళ్ళు" అనేవాడు గానుగ లచ్చన్న.

"నువ్వు చూశావేంటి మామా? నువ్వు పుట్టేసరికే ఆయన కాలం చేశాడుగా" అనేవాడు బట్టలకు అద్దకం వేసే పుల్లయ్య.

"మా నాన్న చూశాడు."

"మీ నాన్నకు రేచీకటి కదా!"

"పందెం పట్టపగలు జరుగుతుందిరా, వెధవా!"

"సరే, మల్లయ్య తర్వాత వచ్చిన సింగన్న ఒజ్జ మాటేమిటి? పులి!"

"పులా? కొరడా పట్టుకున్న ప్రతివాడూ పులే. కుర్రాళ్ళు వెనకున్న సింగన్నకు భయపడి ముందుకు ఉరికేవాళ్ళు. నాలుగు గెలిచాడు, తొమ్మిది ఓడాడు. గడప దగ్గరకెళ్ళి చూసుకో."

అప్పుడు ఎవరో ఒకరు ఓబన్న పేరెత్తేవారు. వాదం ఆగిపోయేది.

ఓబన్న ఒజ్జ కుర్రాళ్ళను ఏట్లో మెడలోతున నిలబెట్టి ఊపిరి నేర్పేవాడు. "ఊపిరి చాలదనిపిస్తే వెనక్కొచ్చెయ్ నాయనా, పందెం పోతే పోయింది" అనేవాడు. అలా అంటూనే పదకొండేళ్ళు వరసగా గెలిపించాడు. ఒక ఉదయం కొలువుకు పిలిచి "నువ్వు అలసిపోయావు" అన్నారు. తాను అలసిపోయినట్టు ఆయనకు తెలియడం అదే మొదలు. ఆయన పీఠం మీద రాణిగారి తమ్ముడు కుంజరదేవుడు కూచున్నాడు. ఏనాడూ కాలికి ఇసుక అంటించుకోని మనిషి.

ఏడేళ్ళు, ఏడు ఓటములు. గడప ముందు ఏడు నల్లరాళ్ళ మీద కుంజరదేవుడి పేరు.

ఏడో ఓటమి అన్నిటికన్నా చెడ్డది. "ముగ్గుర్ని తాకకుండా వెనక్కొస్తే వీపు చీరేస్తా" అని కుంజరదేవుడు పోలడనే కుర్రవాణ్ణి గీత దాటించాడు. పోలడు సాలెవాళ్ళ ఇంటి బిడ్డ, ఇరవై ఏళ్ళు. ఇద్దర్ని తాకాడు. మూడోవాడి కోసం ఊపిరి బిగబట్టి బిగబట్టి, ముక్కులోంచి నెత్తురు కారి, అవతలి గడ్డ మీదే పడిపోయాడు. ఎర్రదిబ్బ కుర్రాళ్ళే వాణ్ణి ఎత్తుకొచ్చి మనవాళ్ళకు అప్పగించారు. అప్పటినుంచి మంచం దిగలేదు. నాలుగు మాటలు వరసగా అనలేడు. రోజూ పొద్దున్నే ఓబన్న వాళ్ళింటికి వెళ్ళేవాడు. వాడి ఛాతీ మీద చెయ్యి వేసి, పసివాడికి నడక నేర్పినట్టు మళ్ళీ ఊపిరి నేర్పేవాడు. వైద్యులు వదిలేసిన మనిషికి మిగిలింది ఆ చెయ్యి ఒక్కటే.

ఆ తర్వాత జనం గడప దాటే తీరు మారింది. నల్లరాళ్ళ మీద కాలు వేసి ఊరుకోవడం లేదు. ధనధనా రెండేసి సార్లు తొక్కుతున్నారు. గానుగ లచ్చన్నకు విద్యాశాలలో ఏ పనీ లేదు, అయినా రోజుకు మూడుసార్లు లోపలికి పోయి వచ్చేవాడు. ఆ చప్పుడు పక్కనే ఉన్న అంతఃపురం మేడకు వినిపించేది. తమ్ముడి పేరు అలా కాళ్ళ కింద నలుగుతుంటే రాణిగారికి అన్నం సయించలేదు. రాణిగారు తినకపోతే రాజుగారికి సయించలేదు. రాజ్యంలో సగంమంది మూడేళ్ళుగా ఒంటిపూట తింటున్నారు, దానికి కొలువు ఏనాడూ కూడలేదు. ఈ సంగతికి మాత్రం మర్నాడే కూడింది.

ఆస్థాన విద్వాంసుడు అనంతభట్టు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ! విద్య విత్తనం వంటిది. నాటినవాడి కాలంలో ఫలించదు, తరవాతివాడి కాలంలో ఫలిస్తుంది. కనుక ఏ ఒజ్జ కాలంలో వచ్చిన ఫలమైనా అతని ముందున్న ఒజ్జది. ఈ ఏడు ఓటములూ ఓబన్న నాటిన విత్తనాలు. కుంజరదేవులు పాపం ఆ పంట కోస్తున్నారు, అంతే."

రాజుగారి మొహం వెలిగింది. కుంజరదేవుడు తన పాపం తానే విని జాలిపడి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇదే శాస్త్రం! ఇకమీదట మా రాజ్యంలో ఇదే శాస్త్రం" అన్నాడు రాజు. "ఆ ఏడు రాళ్ళ మీదా ఓబన్న పేరు చెక్కండి. విద్యాశాలకు ద్రోహం చేసినందుకు వాడు శుక్రవారం లోగా పొలిమేర దాటిపోవాలి. మళ్ళీ కనిపిస్తే తల తీయించండి."

కొలువంతా తలలు వంచింది. తలలు వంచడం అలవాటైన చోట తలలు తీయడం ఎంత సేపు?

ఆ కొలువులో రాళ్ళు చెక్కే ఉద్యోగి తిప్పన. చెక్కే చెయ్యీ ఆయనదే, మాటకు పదును పెట్టే నాలుకా ఆయనదే. ఆయన ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"చిత్తం మహాప్రభూ. శాస్త్రాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తాను. రెండు రోజులు గడువిప్పించండి."

ఆ సాయంత్రం అంగడి దగ్గర పుల్లయ్య తిప్పన మొహం మీదే అన్నాడు. "ఛీ! ఆ పెద్దాయన పేరు నీ చేత్తో గడపరాయి మీద చెక్కుతావా అన్నా? నీ చెయ్యెట్లా ఆడుతుంది?"

"చెప్పిన పని చేసేవాణ్ణి, పుల్లయ్యా."

"ఇన్ని దుర్మార్గాలూ ఆ మాట అనేవాళ్ళ చేతుల మీదుగానే జరుగుతాయి."

తిప్పన ఆకుల కోసం చెయ్యి చాపాడు. ఆకులు కట్టివ్వబోయిన చిట్టెమ్మ కట్ట వెనక్కి తీసుకుంది.

గురువారం ఉదయం కొలువు నిండుగా ఉంది. కావళ్ళతో, బండ్లతో మోతగాళ్ళు లోపలికి రాళ్ళు మోసుకొచ్చి దించడం మొదలుపెట్టారు. తెల్లవీ, నల్లవీ. సభ నడుమంతా రాళ్ళతో నిండిపోయింది.

"ఏమోయ్ తిప్పనా, ఇదేం గొడవ? చెప్పింది ఏడు రాళ్ళు కదా!" అన్నాడు రాజు.

"ఏడిటితో శాస్త్రం పూర్తికాదు ప్రభూ. ఓబన్న కాలంలో వచ్చిన పదకొండు గెలుపులూ ఆయన ముందున్న సింగన్నవి. పేర్లు మార్చాను. సింగన్న నాలుగు గెలుపులూ, తొమ్మిది ఓటములూ మల్లయ్యవి. అవీ మార్చాను. మల్లయ్య కాలం నాటి రాళ్ళ దగ్గర నా ఉలి ఆగిపోయింది. ఆయన ముందు ఒజ్జే లేడు. ఆ గెలుపులు ఎవరి పేరున చెక్కమంటారు? ఆడిన కుర్రాళ్ళ పేర్లు చెక్కనా?"

సభ ఉలిక్కిపడింది. అనంతభట్టు గబగబా అన్నాడు. "కూడదు కూడదు! విద్యాశాల కట్టించిన ప్రభువు పేరు చెక్కు."

"చిత్తం. మహా గొప్ప పరిష్కారం. ఇక ఒకే ఒక్క చిక్కు." తిప్పన కుంజరదేవుడి వైపు తిరిగి నమస్కరించాడు. "ఇన్ని రాళ్ళలో తమ పేరు ఎక్కడా లేదు దొరా."

"లేకపోవడమే కదా మాకు కావలసింది!" అన్నాడు కుంజరదేవుడు.

"అయ్యో, అదేం మాట? తమరు ఏడేళ్ళుగా విత్తనాలు నాటుతున్నారు. అవి మొలిచేది తమ తరవాతివాడి కాలంలో. తమరు పీఠం మీద ఉన్నంత కాలం మాకు ఓబన్న ఓటములు తప్పవు, ఆయన్ను పొలిమేర దాటించినా సరే. తమ గెలుపులు మేం కళ్ళారా చూడాలంటే తమరు ఈరోజే లేచిపోవాలి. భట్టుగారూ, శాస్త్రం ఇంతేనా?"

అనంతభట్టు రాజుగారి మొహం వంక చూశాడు.

రాజు కళ్ళెర్రజేశాడు. "మా బావమరిదిని దిగిపొమ్మనడానికి నువ్వెవడివి?"

"నేనెవణ్ణి ప్రభూ? చెప్పిన పని చేసేవాణ్ణి. ఇది తమరు రాజ్యమంతటికీ విధించిన శాస్త్రం. అందుకే కోటగుమ్మం దగ్గరకు కూడా గడ్డపారలతో పదిమందిని పంపాను."

"కోటగుమ్మానికా? ఎందుకు?"

"తమ పేరున పదహారు యుద్ధవిజయాల రాళ్ళున్నాయి కదా. శాస్త్రం ప్రకారం అవి కీర్తిశేషులైన తమ తండ్రిగారివి. పెళ్ళగించి తెస్తున్నారు."

దూరంగా గడ్డపారల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాజు సింహాసనం మీంచి సగం లేచాడు.

"ఆగు! మరి ఈ మూడేళ్ళ కరువు? అదీ మా తండ్రిగారిదేనా?"

"కరువు నిస్సందేహంగా ఆయనదే ప్రభూ. తమరు ఆ ఒక్కటీ ఆయనకిచ్చి యుద్ధాలు అట్టిపెట్టుకుంటామంటే శాస్త్రం ఒప్పుకోదు. రెండూ ఇవ్వాలి, లేదా రెండూ ఉంచుకోవాలి."

చప్పుడు ఒక్కసారి పెద్దదయింది. ఏదో రాయి కదిలినట్టుంది.

"ఆపమనండి! ఆ గడ్డపారలు ఆపమనండి!" రాజు అరుపుకు వింజామరలు వీచేవాళ్ళు బెదిరిపోయారు. భటులు పరుగెత్తారు. "భట్టూ! ఈ శాస్త్రం రాజులకు వర్తిస్తుందా? తేల్చి చెప్పు!"

భట్టు చెమటలు కక్కాడు. వర్తిస్తుందంటే పదహారు రాళ్ళూ పోతాయి. వర్తించదంటే అది శాస్త్రమే కాదు. "ప్రభూ... ఆ గ్రంథం... తాటాకులు చెదలు పట్టి ఉన్నాయి. నేను సరిగా చదవలేదేమో..."

"అంటే శాస్త్రం తప్పు" అన్నాడు తిప్పన, తాపీగా. "అంటే ఎవరి కాలంలో వచ్చింది వాళ్ళదే. యుద్ధాలు తమవి. ఏడు ఓటములు కుంజరదేవులవి. ఓబన్న చేసిన ద్రోహమేదో ఇక నాకు కనిపించడం లేదు ప్రభూ. తమకు కనిపిస్తే సెలవివ్వండి, చెక్కుతాను."

రాజు తిప్పన వంక చూశాడు. ఆ చూపులో కత్తి ఉంది. అది ఒరలోంచి వస్తుందో రాదో చాలాసేపు ఎవరికీ తెలియలేదు. దగ్గరున్న మోతగాళ్ళు తిప్పన పక్కనుంచి అడుగు వెనక్కి జరిగారు.

అప్పుడు రాజు నవ్వాడు. ముందు సన్నగా, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కోపగించుకుంటే ఓడినట్టు, నవ్వితే క్షమించినట్టు. ఏలేవాళ్ళకు ఆ కిటుకు ఉగ్గుపాలతో వస్తుంది. రాజు నవ్వాడు కనక సభంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అనంతభట్టు నవ్వాడు.

"భలే తిప్పనా! మమ్మల్నే తండ్రికి తాకట్టు పెట్టబోయావు కదయ్యా!" అని రాజు మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. "ఆ ముసలాణ్ణి ఉండనీ. విద్యాశాలకు కూడా వాణ్ణే వెళ్ళి ఆ కుర్రాళ్ళ సంగతి చూడమను. మా బావమరిది ఇకమీదట కోటకు సేనాపతి."

సేనాపతి ఓడితే గడప ముందు రాళ్ళు పరిచే ఆచారం కొలనువీడులో లేదు.

తిప్పన హారం నడుముకు చుట్టుకుని, పరుగులాంటి నడకతో ఓబన్న ఇంటికి వెళ్ళాడు. ఇల్లంతా ఖాళీగా ఉంది. ఉన్న నాలుగు గిన్నెలూ, రెండు పంచెలూ గోనెతాడుతో మూట కట్టి అరుగు మీద పెట్టి, పక్కన కూచున్నాడు పెద్దాయన. ఆ పూట పోలడి దగ్గర సెలవు తీసుకుని వచ్చినట్టున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడికీ పోనక్కర్లేదు ఒజ్జా! నువ్వే మళ్ళీ విద్యాశాల ఒజ్జవి" అని తిప్పన జరిగిందంతా చెప్పాడు. భట్టు తడబడిన ముచ్చట నటించి మరీ చూపించాడు.

ఓబన్న చివరిదాకా విన్నాడు.

"అయితే రాజుగారు నవ్వారన్నమాట."

"నవ్వారు! పొట్ట పట్టుకుని నవ్వారు."

"నవ్వకపోయి ఉంటే?"

తిప్పన చెయ్యి నడుముకున్న హారం మీదికి పోయింది.

ఓబన్న మెల్లగా మూట విప్పాడు. గిన్నెలు గూట్లో పెట్టాడు. పంచెలు దండెం మీద వేశాడు. గోనెతాడును మాత్రం పారెయ్యలేదు. చుట్టలు చుట్టలుగా చుట్టి, మళ్ళీ మూట కట్టాల్సి వస్తే చెయ్యి చాపగానే అందేట్టు చూరులో దోపాడు.