ఆయుధపూజ మర్నాడు మూగబోయిన కంప్యూటర్

గౌస్ మాస్టారికి ఒక అలవాటుంది. చెడిపోయిన కంప్యూటర్ ఎదురుగా ఉన్నా వెంటనే స్క్రూడ్రైవర్ పట్టరు. దానిమీద రోజూ పనిచేసే మనిషిని కూర్చోబెట్టి ముందు మాట్లాడిస్తారు. శిష్యుడు కిరీటికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. డిప్లొమా చదివినవాడాయె! ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“మాస్టారూ, ఏ తీగ ఎక్కడ పెట్టాలో కూడా తెలియనివాళ్ళ సొదంతా మనకెందుకండీ?”

అప్పుడే చీరాల చేనేత సంఘం నుంచి ఫోనొస్తే మాస్టారు కిరీటిని వెంటబెట్టుకుని వెళ్ళారు.

అక్కడ సంఘం అధ్యక్షుడు వీరభద్రయ్య వీరంగం వేస్తున్నాడు. నేత కార్మికుల ఆరోగ్య కార్డుల జాబితా ఆ సాయంత్రం అయిదింటిలోగా పంపాలి. అందులో పేరు లేనివాడికి ఆస్పత్రిలో వైద్యం లేదు. జాబితా ఉన్న కంప్యూటరేమో నాలుగు రోజులుగా తెరుచుకోవడం లేదు.

“ఆడాళ్ళ చేతికి మిషనిస్తే ఇంతే! ఏదో నొక్కి తగలేసింది,” అంటున్నాడు గుమాస్తా త్రిపురాంబను చూపించి. పదహారేళ్ళుగా ఆ ఆఫీసు మోస్తున్న మనిషిని అనాల్సిన మాటేనా అది! చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది. ఆవిడ తలొంచుకుని నిలబడింది.

కిరీటి బటన్ నొక్కాడు. మూడు బీప్‌లు వినబడ్డాయి, తెర నల్లగానే ఉంది. “బాబూ, మొన్న పూజయిన...” అని ఆవిడేదో చెప్పబోయింది. “మీరుండండమ్మా,” అన్నాడు వీడు. “బోర్డు పోయింది మాస్టారూ. కొత్తది రావాలంటే రెండు రోజులు.”

మాస్టారు కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. “చెప్పమ్మా, ఎప్పట్నించి?”

“ఆయుధపూజ మర్నాటి నుంచండీ. మూడుసార్లు అరిచి ఊరుకుంటోంది. ప్రెసిడెంటు గారికి చెప్పాను. అమ్మిన షాపుకి ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడీ బాబుకీ చెప్పబోయాను.”

“పూజ ఎవరు చేశారు?”

“నేనే!” అన్నాడు వీరభద్రయ్య, ఛాతీ విరుచుకుని. “పైపైన బొట్టు పెడితే ఏం లాభం? డబ్బా పక్కమూత తీయించి, లోపలంతా దోసెడు కుంకుమ చల్లాను.”

మాస్టారు ప్లగ్గు పీకి మూత తీశారు. లోపలంతా ఎర్రగా ఉంది. మెమరీ పట్టీని బయటికి లాగి, దాని బంగారురంగు అంచుని పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా తుడిచారు. అది కూర్చునే గాడిని పొడి కుంచెతో దులిపారు. పట్టీని మళ్ళీ పెట్టి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కారు. ఈసారి ఒక్క బీప్ వచ్చింది, తెర వెలిగింది.

నాలుగూ నలభైకి జాబితా వెళ్ళిపోయింది. త్రిపురాంబ కొంగుతో కళ్ళొత్తుకుంది. వీరభద్రయ్య మాత్రం, “ఈ మాత్రం దానికా ఇంత రాద్ధాంతం!” అని చెప్పులేసుకుని చక్కాపోయాడు. ఆవిడతో ఒక్క మాటన్నాడా? అబ్బే!

దారిలో కిరీటి సంబరపడిపోయాడు. “భలే బాగుచేశారు మాస్టారూ!”

మాస్టారి మొహం కందగడ్డలా ఉంది.

“మిషను మూడుసార్లు మొత్తుకుని ఊరుకుంది. ఆవిడా ముగ్గురికి మొత్తుకుని ఊరుకుంది. నేను బాగుచేసింది మిషన్నొక్కదాన్నేరా.”