పైడితల్లి పటం

పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విన్నట్టు తల ఊపి, పొడుం పీల్చి ఊరుకునేవారు. విజయనగరంలో ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళంతా ఈ ఊరుకోవడానికి అలవాటు పడ్డవాళ్ళే. హరనాథ్ మాత్రం పడలేదు. అప్పటికే అతని బొమ్మలు హైదరాబాదులో గోడలెక్కాయి, పేపర్లో పేరు పడింది, ఆ పేరు కాస్త తలకి కూడా ఎక్కింది. అతను గీసే మనుషులకు వీపులుంటాయి, భుజాలుంటాయి, పాదాలుంటాయి. ముఖాలుండవు.

"మాస్టారూ, ఈ రోజుల్లో కూడా బొమ్మకి ముఖం ఎందుకండీ?" అని అడిగాడొకనాడు. "ముఖం పెడితే అది ఫలానా సుబ్బమ్మ అయి కూర్చుంటుంది. తీసేస్తే మనిషవుతుంది. మీరేమంటారు?"

మాస్టారు పొడుం పీల్చారు. అంతే.

ఆ వీపులన్నీ, నిజానికి, ఒక్క మనిషివే. పైడితల్లి అని, మాస్టారి వీధిలో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే పిల్ల. పని అయ్యాక మాస్టారింటికి వచ్చి కిటికీ దగ్గర పీట మీద కూర్చునేది, హరనాథ్ గీసుకునేవాడు. మూడేళ్ళు గీశాడు. దోమ కుట్టినా కదిలేది కాదు పాపం. ఒక్కసారి మాత్రం, "నా మొకం ఎప్పుడు గీత్తారు బాబూ?" అని నవ్వుతూ ఇటు తిరగబోయింది. "అబ్బ, కదలకు!" అని కసిరాడు. మళ్ళీ అడగలేదు.

ఆ వానాకాలం విషజ్వరం వచ్చి పైడితల్లి చచ్చిపోయింది. పెద్దకర్మ ముందురోజు ఆమె తల్లి అప్పయ్యమ్మ మాస్టారింటికి వచ్చింది. రేపు పటానికి దండ వెయ్యాలి, పటమే లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఎప్పుడో నీళ్ళలో పడి పాడైపోయింది. ఇక ఆధార్ కార్డు మీద ఉన్న ఫోటో సంగతంటారా, "అది నా కూతురు కాదు బాబూ, దెయ్యం," అని ఏడ్చింది. "ఇక్కడ దాని బొమ్మలు గీసీవోరంట గదా, ఒకటి ఇప్పించండి."

మాస్టారికి చూపు ఆనక చాలా కాలమైంది. ఆయన హరనాథ్ వైపు చెయ్యి చూపించారు.

"అతన్నడుగమ్మా. నీ కూతుర్ని అతను చూసినంత సేపు ఎవరూ చూడలేదు."

హరనాథ్ నిజంగానే జాలిపడ్డాడు, అది కాదనకూడదు. ఆ మాత్రం ముఖం గియ్యలేనా అనుకుని కాగితం ముందేసుకున్నాడు. మెడ వచ్చింది. జడముడి వచ్చింది. భుజం మీది ఎముకైతే కళ్ళు మూసుకున్నా వస్తుంది. ముఖం దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కళ్ళు పెట్టాడు, ఎవరివో. ముక్కు పెట్టాడు, అదీ ఎవరిదో. చెరిపి గీసి, గీసి చెరిపి, కాగితం పొరలు లేచిందే గాని పైడితల్లి రాలేదు. చివరికి సిగ్గు చంపుకుని, "ముఖం ఎలా ఉండేదో కాస్త చెప్పమ్మా," అన్నాడు.

అప్పయ్యమ్మ అతన్ని వింతగా చూసింది. "మూడేళ్ళు నీ ముంగటే కూకుంది గదా బాబూ! నీకు తెల్దా?"

లేచి బీరువా మీది కట్టలన్నీ కిందికి దింపాడు. ఒక్క కాగితంలోనైనా, పొరపాటునైనా, ఆ పిల్ల ఇటు తిరిగి ఉండకపోతుందా అని ఒక్కొక్కటీ నేల మీద పరిచాడు. గదంతా పైడితల్లే. వంగిన పైడితల్లి, మోకాళ్ళు చుట్టుకుని కూర్చున్న పైడితల్లి, తల ఉండాల్సిన చోట ఉత్త కాగితం మిగిలిన పైడితల్లి.

"ఇదే, ఇదే నా గుంట, నా కూతురు," అంటూ అప్పయ్యమ్మ చతికిలబడి ఒక బొమ్మ చేతిలోకి తీసుకుంది. ఆ వీపు నిమిరింది. బొగ్గు వేళ్ళకంటింది. తరువాత, ముఖం చూద్దామని, ఆ కాగితాన్ని వెనక్కి తిప్పింది.

వెనక ఏమీ లేదు. ఇంకో కాగితం తిప్పింది. అక్కడా లేదు. ఆవిడ అన్నీ తిప్పి చూసి, ఎక్కడివక్కడ పెట్టేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ లేచింది. "ఒక్కపాలైనా దాన్ని ఇటు తిరగమన్నేదా బాబూ?" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. మర్నాడు ఆ కార్డు మీది ఫోటోకే దండ వేసుకున్నారు.

ఆవిడ అటు వెళ్ళగానే హరనాథ్ మాస్టారి వైపు తిరిగాడు. "ఏదో ఒకటి అనండి మాస్టారూ. పోనీ, తిట్టండి," అన్నాడు.

"హైదరాబాదులో నీ బొమ్మలు చాలామంది చూశారు కదా నాయనా," అన్నారు మాస్టారు. "ఒక్కరైనా కాగితం తిప్పి చూశారా?"